నేను కొట్టేసిన వాక్యం

మా కోడలు పద్దెనిమిది నెలల శిక్షణలో పదమూడు నెలలు పూర్తి చేసింది. మిగిలిన ఐదూ పూర్తి చేయలేదు. ఇందుకు గ్రహాలనో దిష్టినో తప్పుపట్టే బంధువులు మాకు ఉన్నారు. ఆ రెండింటికీ ఇందులో ప్రమేయం లేదు. కారణం నేను. జరిగినదాన్ని జరిగిన క్రమంలోనే రాస్తాను.

ఆమె పదకొండేళ్ళు ఒక ఆసుపత్రి దుప్పట్ల గదిలో పనిచేసింది. ఉతికి వచ్చిన దుప్పట్లను మడతపెట్టి, చిరిగినవి ఏరి, వార్డులవారీగా పేర్చి పంపడం అక్కడి పని. ముప్ఫై ఆరో ఏట, ఒక సాయంత్రం అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, చిన్నపిల్లల బడిలో టీచరు పని నేర్చుకుంటానని చెప్పింది. మూడు నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల బడి. ముందు చదువు ముగించి తర్వాత ఉద్యోగం వెతుక్కునే పద్ధతి కాదది. మొదటి రోజునుంచే బడిలో చేరి, వారానికి నాలుగు రోజులు అనుభవం ఉన్న టీచర్ల పక్కన పనిచేస్తూ, ఐదో రోజు కాలేజీలో పాఠాలు వింటూ నేర్చుకోవాలి. చివర బడి పెద్దటీచరూ, కాలేజీ పరీక్షకురాలూ సంతకం పెడితే టీచరు అయినట్టు.

"ఈ వయసులోనా?" అన్నాడు మా అబ్బాయి. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. దేన్ని చూసినా ముందు అది ఎంత బరువు మోస్తుందో అంచనా వేస్తాడు.

"పదకొండేళ్ళయినా ఆ దుప్పట్లకి నేనెవరో తెలీదు," అంది ఆమె.

అంతకు ముందు ఆమె తన కోసం ఏదైనా అడగగా నేను వినలేదు. చేరమన్నాం.

మొదటి నెలలు ఆమె ఒళ్ళు హూనమైపోయింది. ఆ బడిలో కుర్చీలు మోకాలెత్తు, చేతులు కడుక్కునే తొట్లు మోకాలెత్తు. పిల్లతో మాట్లాడాలంటే టీచరు కళ్ళు పిల్ల కళ్ళ ఎత్తుకు దిగాలి. రోజుకు ఎన్నిసార్లు కూర్చుని లేచేదో గానీ, ఇంటికి వచ్చేసరికి మోచేతి మీద రంగు, జుట్టులో ఇసుక, మోకాళ్ళలో నొప్పి.

"అమ్మా, నువ్వు రోజురోజుకీ పొట్టిదానివైపోతున్నావు," అనేది పదేళ్ళ మా మనవరాలు.

"వాళ్ళు పెరిగేదాకా ఇంతే," అనేది తల్లి, మోకాళ్ళు రుద్దుకుంటూ. అంత సంతోషంగా అలసిపోయిన మనిషిని నేను అరుదుగా చూశాను.

ఆమెకు కష్టమైంది ఒక్కటే, రాత. ప్రతి శిక్షణార్థికి ముగ్గురు పిల్లల్ని అప్పగిస్తారు. ఒక్కొక్కరి గురించీ వారానికొక పరిశీలన పత్రం రాయాలి. అందులో గడులుంటాయి: సమయం, చోటు, పిల్ల చేసినది, పిల్ల అన్నది, టీచరు తర్వాత చేయవలసినది. పెద్దటీచరు సంతకం చేసేది ఈ పత్రాలు చూసే. పదో తరగతితో చదువు ఆపిన మనిషి, దుప్పట్ల లెక్క తప్ప వేరే రాత ఎరగనిది, భోజనాల బల్ల దగ్గర పెన్ను మూత కొరుకుతూ కూర్చునేది. నేను సాయం చేస్తానన్నాను. ఆమె అడగలేదు. ఈ వివరం ముఖ్యం కనుక రాస్తున్నాను.

నేను ముప్ఫై నాలుగేళ్ళు నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి విరమించాను. ఫలానా బావి నీళ్ళు అమృతంలా ఉంటాయని ఊరంతా ప్రమాణం చేసినా మా రిపోర్టులో అమృతానికి గడి లేదు. కొలవగలిగినదే రాశాం. ఆ అలవాటుతో బతికినవాడికి ఎర్ర పెన్ను చేతికి దొరకడం ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు.

మొదటి పత్రం ఇంకా గుర్తుంది.

"'గువ్వకి ఇసకంటే ప్రాణం.' ఇది నీకెలా తెలుసమ్మా?"

"చూశాను కదా మావయ్యా."

"ప్రాణాన్ని చూశావా?"

నవ్వేసింది. "మీతో గెలవలేం. ఇసకలో ఆడుకుంది, అంతే."

"ఎంతసేపు?"

"చాలాసేపు."

"చాలాసేపు అనేది గడియారంలో ఎక్కడుంటుంది?"

"తాతా, అమ్మనేంటి, కోర్టులో నిలబెట్టావా?" అంది మనవరాలు తన లెక్కల పుస్తకంలోంచి తలెత్తి. ఆ రోజునుంచి ఇంట్లో నా పేరు ఎర్రపెన్ను తాత.

గువ్వ అంటే ఆమెకు అప్పగించిన ముగ్గురిలో ఒక పిల్ల. అప్పటికి నాలుగో ఏడు నిండుతోంది. తల ఒక పక్కకు వాల్చి మనిషిని ఎగాదిగా చూస్తుందని బడిలో ఎవరో పెట్టిన ముద్దుపేరు. తల్లి బస్సు డిపోలో టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చుంటుంది. పొద్దున్న అందరికంటే ముందు దింపి, సాయంత్రం అందరికంటే చివర తీసుకుపోతుంది.

చూసినది రాయాలి, ఊహించినది రాయకూడదన్నది నేను కనిపెట్టిన నియమం కాదు. కాలేజీలో కూడా అదే చెప్పారు, అది సరైనదే. ఆ నియమాన్ని దాని హద్దు దాటించినవాణ్ణి మాత్రం నేనే. మూడో నెలకల్లా ఆమె పత్రాలు ఇలా తయారయ్యాయి: "10.10. గువ్వ ఎడమచేత్తో గరాటు పట్టుకుని, కుడిచేత్తో నాలుగు చెంచాల ఇసుక పోసింది. 'కారిపోతోంది' అంది. గరాటు కింద అరచెయ్యి పెట్టింది." పెద్దటీచరు దాన్ని మిగతా శిక్షణార్థులకు మాదిరిగా గోడకు అంటించిందట. ఆ మాట విన్న రోజు నేను లోపల ఎంత పొంగిపోయానో ఎవరికీ చెప్పలేదు.

ఐదో నెలలో, వానలు మొదలైన వారంలో, గువ్వ పత్రంలో ఒక వాక్యం వచ్చింది.

"మధ్యలో గువ్వ ఎక్కడికో వెళ్ళి వచ్చింది. వచ్చేదాకా నేను వీపు మీద చెయ్యి వేసి ఉంచాను."

"ఎక్కడికి వెళ్ళింది?" అన్నాను.

"ఎక్కడికీ వెళ్ళలేదు. నా పక్కనే కూర్చునుంది."

"మరి వెళ్ళి వచ్చిందని రాశావు?"

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఎలా చెప్పాలో తెలీట్లేదు మావయ్యా. చెయ్యి గాల్లో అలాగే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్పలు కొంచెం అదురుతున్నాయి. పిలిస్తే పలకలేదు. ఫోన్లో మాట్లాడుతుంటే మధ్యలో లైను పోయి మళ్ళీ కలుస్తుంది చూడండి, అలాగ. తనకి మాత్రం లైను పోయినట్టే తెలీదు. ఆపిన దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టేసింది."

"ఎంతసేపు?"

"అయిదో, పదో లెక్కపెట్టేంత."

"లెక్కపెట్టావా?"

"లేదు. చెయ్యి వేశాను."

"ఇది కవిత్వం అమ్మా. బాగానే ఉంది. కానీ పత్రంలో ఉండాల్సింది కాదు. పిల్లలు ఏదో ఆలోచిస్తూ ఉండిపోతారు. నేనూ ఉండిపోతాను."

"వాడు కూడా అంతే, ట్యాంకరు వెళ్తే నోరు తెరుచుకుని చూస్తాడు," అంది మనవరాలు, ఎదురింటి పిల్లాణ్ణి ఉద్దేశించి.

"ఆలోచనలా లేదు మావయ్యా," అంది కోడలు, నెమ్మదిగా.

"కాదనడానికి ఆధారం?"

"నాకలా అనిపించింది," అంది.

నేను ఎర్ర గీత కొట్టాను. రెండో వాక్యం కూడా వదల్లేదు. పరిశీలించేవాళ్ళు మధ్యలో చెయ్యి వేస్తే అది పరిశీలన కాదనీ, పరీక్షకు తెచ్చిన సీసాలో నా ఇంటి నీళ్ళు నేనే పోసినట్టు అవుతుందనీ వివరించాను. పోలిక నాకు నచ్చింది. ఆమె తలూపి, పత్రాన్ని ఆ రెండు వాక్యాలూ లేకుండా కొత్తగా రాసుకుంది. చిత్తు కాగితాలను నేను దాచాను. పాత నమూనాలను పారేయని అలవాటు నాది.

ఆ తర్వాతి వారాల్లో ఆ వాక్యం మళ్ళీ రెండుసార్లు వచ్చింది, మళ్ళీ రెండుసార్లు పోయింది. ఇంకోసారి ఆమె దాన్ని నా నియమాల్లో ఇమిడించాలని చూసింది: "గువ్వ కొంతసేపు ఏమీ చేయలేదు."

"గడి పేరేంటి?" అన్నాను.

"పిల్ల చేసినది."

"చేయనిది చేసినదెలా అవుతుంది?"

ఆమె ఆ వాక్యం కూడా తీసేసింది. తప్పు ఎక్కడుందో ఆ రోజు నాకూ కనబడలేదు. తప్పులేని తర్కాన్ని తప్పు చోట నిలబెట్టానని తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఆ మధ్యలోనే బడివాళ్ళు ఒక పూట శిక్షణార్థుల ఇళ్ళవాళ్ళను పిలిచారు. వెళ్ళాను. మోకాలెత్తు కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, చేతి గడియారం చూసుకుంటూ సరిగ్గా ఇరవై నిమిషాలు గువ్వనే గమనించాను. పూసలు గుచ్చుతోంది. పదకొండు పూసలు, ఎక్కడా ఆగలేదు. చివర దారం పట్టుకుని నా దగ్గరకొచ్చి, తల పక్కకు వాల్చి చూసి, "తాతా, నీ చెవిలోంచి గడ్డం వస్తోంది," అంది.

ఇంటికి నడుస్తూ, "చూశావా? ఇరవై నిమిషాలు. ఒక్కసారి కూడా ఎక్కడికీ వెళ్ళలేదు," అన్నాను.

"అవును మావయ్యా," అంది ఆమె.

ఒక్క సీసా నీళ్ళు చూసి చెరువు మొత్తానికి యోగ్యతాపత్రం ఇమ్మన్న పెద్దమనుషులను ఉద్యోగంలో ఉండగా ఎన్నోసార్లు వెనక్కి పంపినవాణ్ణి. ఆ రోజు ఇరవై నిమిషాలు చూసి ఒక పిల్లకు యోగ్యతాపత్రం ఇచ్చాను.

ఆ వాక్యం మళ్ళీ రాలేదు. కోడలికి పని పట్టుబడిందనుకున్నాను.

పదమూడో నెలలో గువ్వ పడిపోయింది. ఆ సాయంత్రం కోడలు వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, అడిగినవాటికి అడిగిన మేరకు జవాబు చెప్పింది. పత్రం చదువుతున్నట్టే చెప్పింది, ఆ పద్ధతి నేను నేర్పినదే కనుక.

పదకొండున్నరకు పిల్లలు పెరట్లో ఉన్నారు. జారుడుబల్ల నిచ్చెనకు ఐదు మెట్లు. మామూలుగా నిచ్చెన దగ్గర ఒక టీచరు నిలబడుతుంది, పత్రాలు రాసే మనిషి వేరుగా దూరంగా కూర్చుంటుంది. ఆ రోజు ఒక టీచరు సెలవు. అందుచేత కోడలు నిచ్చెన పక్కనే, చేతిలో అట్టతో, పెన్నుతో నిలబడింది. గువ్వ మూడో మెట్టు మీద కాలు పెట్టింది. పైమెట్టు పట్టుకుంది. ఆగింది.

"నువ్వు ఎంత దూరంలో ఉన్నావు?"

"చెయ్యి చాపితే అందుతుంది."

"నీకు తెలియలేదా?"

"తెలిసింది మావయ్యా. కళ్ళు చూడగానే తెలిసింది. చెయ్యి లేచింది కూడా. చేతిలో పెన్ను ఉంది." ఆమె గొంతు మారలేదు. "ఈసారి ఎంతసేపో చూసి రాద్దామనుకున్నాను. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. నాలుగు దాకా వచ్చాను."

అయిదు అనే లోపల పిల్ల వేళ్ళు వదిలేశాయి. ఎడమ మణికట్టు విరిగింది, గడ్డం చీలింది.

మా అబ్బాయి లేచి ఆమె వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. మనవరాలు పుస్తకం మూసేసింది.  

ఆసుపత్రిలో గడ్డానికి కుట్లు వేస్తుండగా, డాక్టరు ఎదుటే, గువ్వ మళ్ళీ ఒకసారి ఆగిపోయింది. డాక్టరు సూది పక్కన పెట్టి చూశాడట. తలకు తీగలు అతికించి చేసే పరీక్ష చేయించారు. మూర్ఛలో ఇది ఒక రకం. పిల్ల కింద పడి కొట్టుకోదు, నురగ కక్కదు. మనసు కొన్ని క్షణాలు ఆగి మళ్ళీ నడుస్తుంది, రోజుకు పదులసార్లు. మందుకు లొంగుతుంది. ఎప్పటినుంచి ఉందో, ఎంత తరచుగా వస్తోందో తెలిస్తే మంచిది, బడిలో ఏమైనా రాసి ఉంటే తెమ్మన్నాడు డాక్టరు.

తల్లి మర్నాడు బడికి వచ్చింది. పెద్దటీచరు గదిలో ఏం జరిగిందో ఆ తర్వాత పెద్దటీచరే నాకు చెప్పింది.

గువ్వ మీద నలభై ఒక్క పత్రాలున్నాయి. తల్లి అన్నీ చదివింది. "మా పిల్ల ఏ చేత్తో గరాటు పట్టుకుందో రాశారు," అంది. "ఎన్ని చెంచాలు పోసిందో రాశారు. ఈ ఒక్కటీ ఎవరికీ కనబడలేదా టీచరుగారూ?"

"నాకు కనబడిందండీ," అంది మా కోడలు.

"ఎప్పటినుంచి?"

"వానలు మొదలైనప్పటి నుంచి."

"మరి రాయలేదేం?"

"రాయడం చేతకాలేదు."

"రాత చేతకాకపోతే నోరు లేదా? రోజూ సాయంత్రం నేను నిలబడేది మీ గుమ్మంలోనే కదా?" ఆ తల్లి కేకలు వేయలేదట. కాగితాలు సర్దుతూ అందట: "పిలిస్తే పలకట్లేదని నేను దీన్ని కొట్టాను. రెండుసార్లు, చెంప మీద. పొగరనుకున్నాను. తెలిసుంటే కొట్టేదాన్నా?"

కోడలు తల వంచుకుని నిలబడింది. నా పేరు ఎత్తలేదు.

నేను ఆ మర్నాడు చిత్తు కాగితాలు తీసుకుని పెద్దటీచరు దగ్గరకు వెళ్ళాను. ఆవిడ అరవైకి దగ్గర పడుతున్న మనిషి. ఆవిడ గదిలో పెద్ద కుర్చీ ఒక్కటే ఉంది, దాన్ని నాకిచ్చి తను చిన్నదాని మీద కూర్చుంది. అలా కూర్చుని కిందనుంచి పైకి చూస్తూ మాట్లాడే మనిషి ముందు సాకులు చెప్పడం చాలా కష్టం. ఎర్ర గీత కింద ఉన్న వాక్యాన్ని ఆవిడ పైకి చదివింది.

"'ఎక్కడికో వెళ్ళి వచ్చింది.' ఇది మీరు కొట్టేశారా?"

"నేనే."

"ఇరవై ఆరేళ్ళుగా పత్రాలు దిద్దుతున్నానండీ. దీన్ని ఇంత సరిగ్గా రాసినవాళ్ళను నేను చూడలేదు. ఇది నా బల్ల మీదకు వచ్చి ఉంటే ఆ సాయంత్రమే వాళ్ళమ్మతో మాట్లాడేదాన్ని." కాగితం తిప్పి చూసింది. "మీరేం పని చేసేవారు?"

"నీటి పరీక్షలు."

"వెతికినది నీళ్ళలో లేకపోతే ఏం రాసేవారు?"

"'కనబడలేదు' అని రాసేవాళ్ళం."

"గడి ఖాళీగా వదిలేసేవారు కాదన్నమాట."

"ఎన్నడూ వదల్లేదు," అన్నాను. ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక, ఆవిడ ఏమడిగిందో, నేనేం చెప్పానో నాకు అర్థమైంది. లేనిదాన్ని లేదని రాయడం ఒక ఫలితమేనని ముప్ఫై నాలుగేళ్ళు సంతకం పెట్టి నమ్మినవాణ్ణి. పిల్ల ఆగిపోయిన క్షణాలకు గడి లేదన్నాను.

"తప్పు నాది. ఆమెది కాదు," అన్నాను.

"మీది మీరు చూసుకోండి. నాకు కావలసింది ఆ అమ్మాయి. మామగారు కాదన్నా, కాలేజీ కాదన్నా, చివరికి నేను కాదన్నా, కంటికి కనబడింది కనబడిందని చెప్పగలగాలి. అది ఇంకా రాలేదు. నేర్పుతాను. ఇంకో ఆరు నెలలు పొడిగించమని కాలేజీకి రాస్తాను, శుక్రవారంలోగా తను సంతకం పెడితే చాలు." కాగితాలు నా వైపు జరిపింది. "అలాంటి కళ్ళున్న మనిషిని నేను ఊరికే వదులుకోను."

ఇంటికి వచ్చేసరికి కోడలు ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"తప్పు నాదని పెద్దటీచరుకి చెప్పి వచ్చానమ్మా."

"ఎందుకు మావయ్యా? మీరు బడికి వెళ్ళి టీచరుకి చెప్పి రావడానికి నేనేమైనా చిన్నపిల్లనా?"

 "శుక్రవారంలోగా సంతకం పెట్టమంది," అన్నాను.

"నాకూ చెప్పింది."

"పెడతావు కదా?"

మనవరాలి గౌను చేతులు లోపలికి మడిచి, అంచులు కలిపి, పక్కన పెట్టింది. "మీకొకటి చెప్పలేదు. మొదట్లో పిల్లల్ని ఊరికే చూసేదాన్ని. తర్వాత్తర్వాత చూస్తూనే, ఇది పత్రంలో నిలుస్తుందా అనుకునేదాన్ని. నిలవదనిపిస్తే నా కన్నే దాటేసి వెళ్ళిపోయేది. ఇప్పుడు ఏది చూశానో ఏది దాటేశానో నాకే తెలీదు మావయ్యా. మిగతా ఇద్దరు పిల్లల్లో కూడా ఏం దాటేశానో."

"ఆరు నెలల్లో ఆ చూపు తిరిగి వస్తుంది."

"రావచ్చు. వచ్చేదాకా నా ఎదురుగా ఎవరి పిల్ల మెట్లెక్కాలి?"

ఇక్కడ నేను మౌనంగా ఉండవలసింది. ఉండలేదు. ఒక్క సంఘటననుంచి సాధారణ నిర్ణయానికి రాకూడదనీ, పదమూడు నెలల పనిని నాలుగు క్షణాలతో తూచడం సరికాదనీ వాదించాను. ప్రతి వాక్యమూ నిజమే. ఆమె ఓపికగా విన్నది, వెనకటిలాగే తలూపింది. ఆ తలూపుడు చూశాక నా మాట నాకే వినబుద్ధి కాలేదు.

"నాన్నా, ఇక వదిలెయ్," అన్నాడు మా అబ్బాయి. తర్వాత తనే అందుకున్నాడు. "అయినా బ్రేకు ఒకసారి జారితే బ్రేకు మారుస్తాం గానీ, లిఫ్టు పీకి పారెయ్యం కదా?"

"మార్చాక మనుషుల్ని ఎక్కించే ముందు ఖాళీ లిఫ్టు పైకీ కిందకీ నడిపి చూస్తావా, లేదా?"

"చూస్తాను."

"నాకు ఖాళీ బడి ఎవరిస్తారు?"

వాడు చేతులు దులుపుకుని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఆ వారమంతా ఆమె బడికి వెళ్ళింది. గురువారం మళ్ళీ పెద్దటీచరు ఆమెను కూర్చోబెట్టి మాట్లాడిందని విన్నాను. ఎవరు ఎంత చెప్పినా ఆమె ఎదురు చెప్పలేదు. విని, ఊరుకుంది. కాదనే ధైర్యం తనలో లేదని పెద్దటీచరు ఏ లోటు చూసిందో, ఆ లోటే ఇప్పుడు మా అందరి ముందూ ఒక గట్టి 'కాదు'గా నిలబడింది.

ఒక విషయం చెప్పాలి, సంతోషించదగినది. మందు పనిచేసింది. మూడు వారాల్లో గువ్వ ఆగిపోవడం చాలా తగ్గింది, ఆ తర్వాత దాదాపు పోయింది. ఎనిమిది నెలల ముందే తగ్గవలసినది అప్పటికి తగ్గిందన్నది కూడా దాని పక్కనే రాయాలి. ఆ ఎనిమిది నెలల్లో పిల్లకు అందకుండా పోయిన మాటలెన్నో, చెంపదెబ్బలు రెండేనో ఇంకా ఉన్నాయో, కొలిచే సాధనం నాకు తెలియదు.

సంతకానికి గడువైన ఆ శుక్రవారం సాయంత్రం కోడలు రోజూ వచ్చే వేళకే వచ్చింది. చేతి సంచిలో బడిలో కట్టుకునే ఏప్రన్, అక్కడ లోపల వేసుకునే చెప్పులు. సంతకం సంగతి అడగనవసరం లేకపోయింది. చెప్పకుండా మాయమవడం పిల్లల దగ్గర చేయకూడదట. అందుకని ఆ మధ్యాహ్నం గదిలో ఉన్న పద్నాలుగు మందికీ, ఒక్కొక్కరి ఎదుటా కూర్చుని, రేపటినుంచి తను రాదని చెప్పి వచ్చిందట. కొందరు సరే అన్నారు. ఒకడు, మరి నా బూట్లు ఎవరు కడతారు అన్నాడు. ఇద్దరు ఏడ్చారు.

"గువ్వ వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది. చేతికి పిండికట్టు. దాని మీద అందరి చేతా బొమ్మలు వేయించుకుంటోంది."

"తనకీ చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

ఆమె చెప్పులు గోడవారగా పెట్టి, లేచి నిలబడింది. మోకాలు పట్టినట్టుంది, ఒక చేత్తో బల్ల పట్టుకుంది. నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

"అంది మావయ్యా. అది మాత్రం నా దగ్గరే ఉండనివ్వండి."

నేను మళ్ళీ అడగలేదు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, ఆసుపత్రి దుప్పట్ల గది చూసుకునే ఆవిడకు ఫోను చేసి, సోమవారం ఎన్నింటికి రావాలో కనుక్కుంది.